సివిల్ డిప్లొమా తర్వాత ఏం చదివించాలి?

ప్రశ్న: నేను నరసన్నపేటలో తాపీ మేస్త్రీని. మా పాప శ్రీకాకుళంలో డిప్లొమా సివిల్ చివరి సంవత్సరం చదువుతోంది. సివిల్‌కు గిరాకీ లేదు, సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమని చుట్టాలంటున్నారు. తనకేమో కట్టుబడి పనే ఇష్టం. ఏం చేయమంటారు?

జవాబు: ఇష్టమైన చదువు మాన్పించకండి. డిప్లొమా చదివినవాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాయించండి, బీటెక్ రెండో ఏడులో నేరుగా చేరుతుంది. విజయనగరంలో ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ఐటీ కాలేజీలు ఉన్నాయి, రెండింట్లోనూ సివిల్ ఉంది.

సివిల్ అంటే సైట్ సూపర్‌వైజర్ ఉద్యోగమే అనుకుని మీవాళ్లు అలా అంటున్నారు. పెద్ద వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు నిబంధనల్ని మన రాష్ట్రం 2014లోనే తెచ్చింది. 2022లో కేంద్ర ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి పెద్ద నివాస భవనాలనూ ఆ పరిధిలోకి తెచ్చారు. కనెక్టెడ్ లోడ్, అంటే భవనంలోని కరెంటు పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం, 100 కిలోవాట్లు అన్నది హద్దు, రాష్ట్రాలు దాన్ని ఇంకా తగ్గించుకోవచ్చు. ప్లాను ఈ నిబంధనలకు సరిపోయిందని లెక్క కట్టి చూపడానికి మనిషి కావాలి కదా!

ఆ లెక్క ఎలా ఉంటుందంటే, ఇళ్లకోసం రాసిన ఎకో నివాస్ సంహిత ప్రకారం మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో కార్పెట్ ఏరియాలో (గోడలు పోను లోపలి నేలలో) ఆరో వంతుకు సమానమైన మేర గాలికి తెరుచుకోవాలి. 600 చదరపు అడుగుల ఫ్లాటుకు కిటికీలు, వెంటిలేటర్లు, బాల్కనీ తలుపులు కలిపి 100 చదరపు అడుగులన్నమాట. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ పెడితే సగమే తెరుచుకుంటుంది కాబట్టి సగమే లెక్కకొస్తుంది. గోడలు, కిటికీల మీదుగా లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. ఎర్ర ఇటుక పెట్టాలా, తేలికపాటి ఏఏసీ బ్లాకా, పడమటి కిటికీకి సజ్జా ఎంత బయటికి రావాలి అన్నవి అక్కడ తేలతాయి. పని మీకు చేతికొచ్చినదే, మీ అమ్మాయి దానికి లెక్క నేర్చుకుంటుంది.

ఒక్కటి ముందే చెబుతాను. తొలి ఉద్యోగం శ్రీకాకుళంలో దొరక్కపోవచ్చు, విశాఖో హైదరాబాదో వెళ్లాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకోవద్దు. సర్టిఫికెట్ కోర్సులంటూ వచ్చేవాళ్లకు ఇప్పుడే డబ్బు కట్టకండి. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ మేనేజర్ పరీక్షకు బీటెక్‌తో మూడేళ్లు, డిప్లొమాతో ఆరేళ్లు అనుభవం అడుగుతారు. బీటెక్ చేయించమనడానికి అదీ ఓ కారణం. భవనంలో వేడి, కరెంటు ఖర్చు అంచనా వేసే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, కాలేజీలో ఉండగానే పట్టు సాధించమనండి.

ఈ సెలవుల్లో మీరు కడుతున్న ఇంటికి తీసుకెళ్లి టేపు చేతికివ్వండి. ఒక్కో కిటికీ ఎంత తెరుచుకుంటుందో కొలిచి, ఆరో వంతు వస్తోందో లేదో తనే చెబుతుంది.