మంచాన ఉన్న పెద్దవారిని కొద్ది రోజులు ఎవరికి అప్పగించాలి?

మంచాన పడిన అత్తగారిని ఒంటరిగా చూసుకుంటున్న కోడలికి పది రోజుల విశ్రాంతి కావాలంటే, హైదరాబాదులో ఇంటికే అటెండెంటును పిలిపించుకోవచ్చు, లేదా స్వల్పకాలానికి చేర్చుకునే వృద్ధాశ్రమాన్ని వెతుక్కోవచ్చు. కేంద్ర ప్రభుత్వ వృద్ధుల సహాయవాణి ఎల్డర్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా ఫోన్ చేసి, దగ్గరలోని ఆశ్రమాల సమాచారం అడగవచ్చు. ఆశ్రమాన్ని చూడడానికి రాత్రి భోజనాల వేళ వెళ్లడం మేలు. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, కదలలేనివారికి ఒంటిపై పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెడతారో లేదో అప్పుడే తెలుస్తుంది (అద్దాల రిసెప్షన్‌ను చూస్తే ఏమీ తెలియదు). అటెండెంటునే పెట్టుకుంటే, ఆ పది రోజులు మొదలవడానికి మూడు నాలుగు రోజుల ముందే రప్పించి, మాత్రల వేళలు, జావ ఎంత పలచగా ఉంటే మింగగలరు, ఏ పక్కకు తిప్పితే నొప్పితో మూలుగుతారు అన్నవి దగ్గరుండి చూపించాలి.