బొమ్మలో కొమ్మ కనిపించదు

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటాము. మా దగ్గర 34 అడుగుల పాత క్లాస్ ఏ మోటార్‌హోమ్ (బస్సులా ఉండే, నివాసం ఉండగల పెద్ద బండి) ఉంది. గత వేసవిలో క్యాంప్‌గ్రౌండు నుంచి కుడివైపు తిరిగి బయటికి వస్తుంటే ఎడమవైపు వెనుక మూల కరెంటు పెడెస్టల్‌ను (బండ్లకు కరెంటు అందించే పొట్టి స్తంభాన్ని) గీరుకుంది. బండి చుట్టూ ఉన్నదాన్ని పైనుంచి చూసినట్టు తెర మీద చూపే నాలుగు కెమెరాల సరౌండ్ వ్యూ కిట్ కొని నేనే బిగించుకోవచ్చునా? కార్లలో మాదిరిగా పక్క అద్దాల కింద కెమెరాలు పెడితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: మీరే బిగించుకోవచ్చు; అద్దాల కింద మాత్రం పెట్టకండి. నిస్సాన్ సంస్థ 2007లో ఇన్ఫినిటీ ఈఎక్స్35తో ఈ సౌకర్యాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఆ పరిమాణం గల కారుకు అద్దం కింద ఉన్న కెమెరా ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సుఖంగా చూడగలదు. మీ బండి పొడవు 10 మీటర్లకు పైనే. అద్దం దగ్గర నుంచి చూస్తే వెనుక మూల, అంటే మీకు దెబ్బ తగిలిన చోటే, దృశ్యం అంచున నలిగిపోయి ఏదీ ఆనవాలు పట్టలేనంతగా ఉంటుంది. అందువల్ల పక్క కెమెరాలు బండి పొడవులో ఇంచుమించు సగం దూరాన, పైకప్పు అంచుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. వరండా ఆనింగ్ (నీడ కోసం చాపి, మళ్లీ చుట్టిపెట్టే గుడ్డ పందిరి) ఉన్న వైపు కెమెరాను ఆ గుడ్డ చుట్టకు పైన, దాన్ని దాటి ముందుకు వచ్చే బ్రాకెట్‌తో బిగించకపోతే బొమ్మలో సగం ఆ చుట్టే ఆక్రమిస్తుంది. స్లైడ్ అవుట్ గది (బండి ఆగాక పక్కకు బయటికి జరిగే గది) గోడ మీద మాత్రం ఎంత అనువుగా కనిపించినా పెట్టకూడదు, ఎందుకంటే ఆ గది కదిలితే కెమెరా కూడా కదులుతుంది.

కొనేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. తెర మీద పైనుంచి చూసినట్టు కనిపించేది నిజంగా పైనుంచి తీసిన బొమ్మ కాదు. నాలుగు చేపకన్ను లెన్సులు చూసిన ప్రతి బిందువూ నేల మీదే ఉందని అనుకుని కిట్‌లోని కంప్యూటర్ పెట్టె లెక్క కట్టి అతికించిన బొమ్మ అది. నేల మీద గీతలు, కాంక్రీటు గట్లు, గుంటలు సరిగ్గా వస్తాయి. నేల నుంచి లేచిన వస్తువు మాత్రం సాగిపోతుంది: కెమెరా 3 మీటర్ల ఎత్తున ఉండి, దాని కింది నుంచి 2 మీటర్ల దూరాన ఒక మీటరు ఎత్తు స్తంభం ఉంటే, స్తంభం కొన తెర మీద 3 మీటర్ల దూరాన పడుకున్నట్టు కనిపిస్తుంది. కనుక స్తంభం మొదలు ఎక్కడుందో చూడాలి, కొనను నమ్మకూడదు. ఇక కెమెరాతో సమానమైన ఎత్తున లేదా అంతకంటే పైన ఉన్న చెట్టుకొమ్మ, పెట్రోలు బంకు కప్పు ఆ బొమ్మలోకి రానేరావు. మోటార్‌హోమ్‌లకు తరచూ తగిలే దెబ్బలు అవే. రెండు కెమెరాల బొమ్మలు కలిసే మూలల్లో చిన్నపిల్లవాడు మాయమయ్యే అవకాశమూ ఉంది. ఇండికేటర్ వేసినప్పుడు ఆ వైపు కెమెరా దృశ్యాన్ని విడిగా, పూర్తిగా చూపే కిట్‌నే ఎంచుకోండి. మలుపులో బండి తోక బయటికి తిరగడాన్ని పట్టిచ్చేది పైనుంచి చూసినట్టుండే బొమ్మ కాదు, ఆ విడి దృశ్యమే. బండి కదిలేటప్పుడు వెనుక ఒకరు నిలబడి చూసే పని ఇకపైనా తప్పదు. ఆ మనిషి ఈసారి కొమ్మల వైపు చూస్తే చాలు.

పనిలో కెమెరా కంటే గోడ విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. చాలా బండ్ల గోడ పలుచని ఫైబర్‌గ్లాస్ పొర, దాని వెనుక ప్లైవుడ్, నురుగు కలిపి అతికించినది. ఒక్క రంధ్రం గుండా నీరు చేరితే పొరలు విడిపోయి గోడ ఉబ్బుతుంది, దాని మరమ్మతుకు కిట్ ధర ఏ మూలకూ చాలదు. కాబట్టి ముందు, వెనుక కప్పు అంచున ఉన్న మార్కర్ లైట్ల (బండి అంచులను తెలిపే చిన్న దీపాల) పాత రంధ్రాల గుండానే తీగ తీయగలరేమో చూడండి. కొత్త రంధ్రం తప్పకపోతే దాని అంచుకు ఎపాక్సీ పూసి, బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు (నీరు చొరకుండా ఆపే మెత్తని జిగురు పట్టీ) పెట్టి, పైనా పక్కలా జారని రకం సీలెంట్ వేసి, కింది అంచును నీరు దిగడానికి వదిలేయండి. రబ్బరు కప్పు మీద మామూలు సిలికాన్ వాడకండి. అది సరిగా పట్టదు, తర్వాత దాని మీద మరే సీలెంటూ నిలవదు.

తీగలన్నీ అమరి, ప్రతి కెమెరా విడిగా పనిచేస్తున్నదని చూశాకే కాలిబ్రేషన్‌కు, అంటే నాలుగు బొమ్మలు సరిగ్గా అతికేలా పెట్టెను సరిచేసే పనికి, దిగండి. చదునైన ఖాళీ స్థలం కావాలి, బండి నాలుగు పక్కలా గళ్ల పట్టాలు పరచడానికి చోటు ఉండాలి. బండిని సమంగా నిలబెట్టే లెవెలింగ్ జాక్‌లను లోపలికి ముడిచి, స్లైడ్ అవుట్ గదులు మూసి, బండి ప్రయాణానికి సిద్ధంగా ఉన్న స్థితిలోనే చేయాలి. మబ్బు పట్టిన పూట మేలు. ఎండలో పట్టా మెరిస్తే గళ్లను పెట్టె గుర్తించలేదు. ఆ తర్వాత ఏ కొమ్మో తగిలి కెమెరా కొద్దిగా పక్కకు తిరిగినా పట్టాలు మళ్లీ పరవాల్సిందే, కనుక వాటిని పారేయకండి.

ప్రశ్న: పరికరానికి కరెంటు ఇంటి బ్యాటరీ (బండి లోపలి దీపాలు, సామాన్లు నడిపేది) నుంచి తీసుకోవాలా, ఇంజిన్ బ్యాటరీ నుంచా?
— అదే పాఠకుడు

జవాబు: ఇంజిన్ వైపు నుంచి, తాళం తిప్పితేనే వచ్చే సరఫరా నుంచి తీసుకోండి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరలో ఉండాలి. రివర్స్, ఎడమ, కుడి సంకేతాలకు మూడు సన్నని తీగలు వేరుగా ఉంటాయి. వాటిని దీపాల తీగలకు కలిపే ముందు మీటరుతో చూడండి. కొన్ని కొత్త ఛాసిస్‌లలో (ఇంజిన్, చక్రాలు ఉండే బండి చట్రాలలో) దీపాలకు కరెంటు అతివేగంగా ఆగుతూ వస్తూ అందుతుంది, అక్కడ నేరుగా కలిపితే తెర మిణుకుమిణుకుమంటుంది. అలాంటప్పుడు ఛాసిస్ తయారీదారు అదనపు పరికరాల కోసం వదిలిన కనెక్టరు ఉందేమో చూసి, అక్కడి నుంచి సంకేతం తీసుకోవడం మంచిది.