కాఫీ గింజలు ఇంట్లోనే వేయిస్తాను... దడ తగ్గాలంటే ఏ రోస్ట్ మంచిది?

ప్రశ్న: నా వయసు 46. మాది విశాఖపట్నం. అరకు నుంచి పచ్చి కాఫీ గింజలు తెప్పించుకుని వారానికి రెండుసార్లు, 250 గ్రాముల చొప్పున నాన్‌స్టిక్ పెనం మీద వేయించుకుంటాను. పాలు కలపకుండా రోజుకు నాలుగు కప్పులు తాగుతాను, కప్పుకు 15 గ్రాముల పొడి. రెండు నెలలుగా పొడి దగ్గు ఉంటే మెడికల్ షాపులో అడిగి ఎటోఫిలిన్-థియోఫిలిన్ మాత్రలు పూటకొకటి వేసుకుంటున్నాను. బీపీకి కూడా మాత్ర వాడుతున్నాను. మూడు వారాలుగా గుండె దడ, చేతుల వణుకు. ఈమధ్య నలుగురం లంబసింగి వెళ్లి టెంట్ వేసుకున్నాం. కాఫీ కాచుకున్న కుంపటిని చలికి లోపలే పెట్టుకుని పడుకున్నాం. తెల్లారేసరికి అందరికీ తలనొప్పి, వాంతులు. రాత్రి తిన్న చికెన్ పడలేదేమో. దడ తగ్గాలంటే లైట్ రోస్ట్ తాగాలా, డార్క్ రోస్టా?

జవాబు: రోస్ట్ సంగతి తర్వాత. ముందు ఆ కుంపటి.

ఒకే టెంట్‌లో పడుకున్న నలుగురికీ తెల్లారేసరికి తలనొప్పి, వాంతులు అంటే చికెన్ కన్నా ముందు బొగ్గును అనుమానించాలి. జ్వరం, విరేచనాల మాట మీరు రాయలేదు కాబట్టి లేవనుకుంటున్నాను. రాజుకున్న బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు, వాసన ఉండవు. పొగ రావడం లేదు కదా అని లోపలికి తెచ్చుకునే ఎర్రటి నిప్పుల నుంచే అది ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తలనొప్పి తెలియదు, నేరుగా స్పృహ పోతుంది. మీ నలుగురికీ మెలకువ వచ్చింది, అదృష్టం. జిప్పు కాస్త తీసి ఉంచితే సరిపోదు. కుంపటి బయటే ఉండాలి, బూడిదయ్యాక కూడా లోపలికి తేవద్దు.

ఇంకో మాట. ఇలాంటప్పుడు వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కేస్తుంది. అందరినీ బయటికి లాగి 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ‘కుంపటి పెట్టుకుని పడుకున్నాం’ అని మొదటి మాటగా చెప్పాలి. అప్పుడే కార్బాక్సీ హీమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్) పరీక్ష చేసి ఆక్సిజన్ పెడతారు. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది, మాస్క్‌తో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర.

కుంపటి బదులు చిన్న గ్యాస్ స్టవ్ తీసుకెళ్లినా అది కూడా టెంట్ బయటే. లంబసింగి చలికి బ్యూటేన్ డబ్బా మంట నీరసపడుతుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ సరిగ్గా ఆవిరి కాదు. అది చూసి జనం స్టవ్‌ను లోపలికి తెస్తారు. అలా చేయకుండా వెలిగించే ముందు డబ్బాను పది నిమిషాలు జాకెట్ లోపల ఉంచుకోండి, లేదా ఐసోబ్యూటేన్-ప్రొపేన్ కలిపిన డబ్బా కొనండి. గాలి తగలకుండా డబ్బా చుట్టూ రేకు మూయకండి, వేడెక్కి పేలుతుంది. వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్లు 96, 97 డిగ్రీలకే మరుగుతాయి, కాఫీకి ఆ వేడి చాలు. మరిగిన నీళ్లు నేరుగా పోసుకోవచ్చు. 15 గ్రాముల పొడికి 240 మిల్లీలీటర్ల నీళ్లు, మూడు నిమిషాల్లో ఫిల్టర్‌లోంచి దిగిపోవాలి.

ఇక దడ. కెఫీన్, థియోఫిలిన్ దగ్గరి చుట్టాలు. రెండూ గుండె వేగాన్ని పెంచుతాయి, చేతులు వణికిస్తాయి, నిద్ర చెడగొడతాయి. పైగా కాలేయంలో రెండింటినీ విరిచే ఎంజైమ్ ఒకటే కావడంతో ఒకటి రెండోదాన్ని ఒంట్లో నిలవుంచుతుంది. అరబికా గింజలో కెఫీన్ సుమారు 1.2 శాతం. 15 గ్రాముల పొడిలో 180 మిల్లీగ్రాములు ఉంటే కప్పులోకి 140, 150 దిగుతుంది. నాలుగు కప్పులకు 600 దగ్గర. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పిన పరిమితి రోజుకు 300. దానికి రెట్టింపు కాఫీ, దాని మీద పూటకో థియోఫిలిన్ మాత్ర. దడ రాకపోతే ఆశ్చర్యపోవాలి!

ఈ మాత్ర ఎంత మోతాదులో మేలు చేస్తుందో, దానికి కొంచెం పైనే విషమవుతుంది. మోతాదు మించితే వాంతులు, గుండె లయ తప్పడం, ఫిట్స్ కూడా రావచ్చు. దగ్గు తగ్గలేదని అదే షాపులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారనుకోండి, అది థియోఫిలిన్‌నూ కెఫీన్‌నూ రెండింటినీ రక్తంలో పెంచుతుంది. కౌంటర్ వెనక ఉన్న అబ్బాయి మీరు రోజుకు ఎన్ని కాఫీలు తాగుతారని అడిగాడా? బీపీ మాత్ర పేరేమిటని? ఆ పేరు నాకూ రాయలేదు మీరు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివైతే పొడి దగ్గు వాటి వల్లే రావచ్చు. అలాగని బీపీ మాత్ర మీకు మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌ను అడిగితే మారుస్తారు. షాపులో కొన్న మాత్ర మాత్రం డాక్టర్‌కు చూపించేదాకా వేసుకోకపోవడమే మంచిది. ఆస్తమా ఉండి ఆయాసం, పిల్లికూతలు వస్తుంటే ఆలస్యం చేయకుండా ఈరోజే వెళ్లండి.

దగ్గు రెండు వారాలు దాటిందంటే చాలు, టీబీ పరీక్ష చేయించుకోవాలి. మీకు రెండు నెలలు. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ కూడా అవసరం కావచ్చు. ఖాళీ కడుపుతో నల్ల కాఫీ వల్ల అసిడిటీ పెరిగి దగ్గు రావడం కూడా మామూలే.

వేయించే పద్ధతిలోనూ తప్పులున్నాయి. మొదటిది నాన్‌స్టిక్ పెనం. గింజలు 200 డిగ్రీలు దాటాలంటే పెనం ఇంకా ఎక్కువ వేడెక్కాలి. 260 దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది, ఇంకా మరీ వేడెక్కితే దాన్నుంచి వచ్చే పొగ దగ్గు, జ్వరం తెప్పిస్తుంది. ఇనప మూకుడు వాడండి. రెండోది పరిమాణం. 250 గ్రాములు గరిటెతో సమంగా తిరగవు, అడుగున మాడుతుంటే పైన పచ్చిగానే ఉంటాయి. 120, 150 గ్రాములు చాలు. అయిదారు నిమిషాలకు పసుపు రంగు, తొమ్మిది పది నిమిషాలకు పేలాల్లా మొదటి చిటపట. అది తగ్గాక నిమిషం, నిమిషంన్నరలో దించేయండి. రెండో చిటపట దాకా వెళితే నూనె పైకి తేలి పొగ కమ్మేస్తుంది, దగ్గున్న మనిషికి అది వద్దు. మంట మరీ తగ్గించి ఇరవై నిమిషాలు లాగితే పొగ తక్కువే గానీ కాఫీ చప్పబడుతుంది.

పొయ్యి పైన గాలిని బయటికి పంపే చిమ్నీ ఉండాలి, గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదిలే రకం పనికిరాదు. బాల్కనీలో వేయించుకుంటే ఇంకా మేలు. ఎగిరే పొట్టు మంటకు అంటుకుంటుంది కాబట్టి కర్టెన్లు దూరంగా ఉండాలి. దించగానే రెండు జల్లెళ్లలో అటూ ఇటూ పోస్తూ టేబుల్ ఫ్యాన్ ముందు, గాలివాటు చూసుకుని, నాలుగు నిమిషాల్లో చల్లార్చండి. ఎన్-95 మాస్క్ పొట్టును, పచ్చి గింజల దుమ్మును ఆపుతుంది (ఆ దుమ్ముతో కొందరికి ఆస్తమా వస్తుంది). వాయువులను ఆపదు.

వేయించిన గింజల నుంచి, ముఖ్యంగా పొడి కొట్టిన వెంటనే, కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్, డయాసిటైల్ (ఊపిరితిత్తులకు హాని చేసే, వెన్న వాసన ఉండే రసాయనం) కూడా వస్తాయి. అమెరికాలో టెక్సస్‌లోని ఒక కాఫీ ప్లాంట్ కార్మికులకు ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు శాశ్వతంగా పూడుకుపోయిన కేసులు 2013లో బయటపడ్డాయి. అక్కడ కృత్రిమ ఫ్లేవర్లు కలిపేవారు, రోజంతా అదే పని. ఇంట్లో వారానికి పావుకిలో, అరకిలో వేయించుకునే మీతో దానికి పోలిక లేదు. అయినా డబ్బా మూత తీయగానే ముక్కు లోపల పెట్టి వాసన పీల్చే అలవాటు వద్దు. గాజు సీసాలో వెంటనే బిగించకుండా వాల్వ్ ఉన్న సంచిలో నాలుగైదు రోజులు ఉంచండి, రుచి కూడా అప్పుడే కుదురుతుంది.

మీరు అడిగిందానికి జవాబు: లైట్ అయినా డార్క్ అయినా తూకం వేసి వాడితే కెఫీన్‌లో పెద్ద తేడా ఉండదు. చికోరీ కలిపితే ఆ మేరకు తగ్గుతుంది, రొబస్టా కలిపితే పెరుగుతుంది, ఆ గింజలో కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. కప్పులు తగ్గించాలి. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది కాబట్టి మూడు రోజులకొక అర కప్పు చొప్పున తగ్గిస్తూ రెండుకు రండి, రెండోది మధ్యాహ్నం 2 లోపు. భోజనానికి గంట ముందూ వెనకా వద్దు, ఐరన్ ఒంటబట్టదు.

దడకు ఈసీజీ, థైరాయిడ్, హీమోగ్లోబిన్, పొటాషియం చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా అది కాఫీ వల్లే అని తేల్చలేను. దడతో పాటు ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. లేకపోయినా ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. వెళ్లేటప్పుడు బీపీ మాత్ర స్ట్రిప్, షాపులో కొన్న స్ట్రిప్ రెండూ తీసుకెళ్లండి. లంబసింగిలో మీతో ఉన్న ముగ్గురిలో ఎవరికైనా ఇంకా తలనొప్పి, మతిమరుపు, ఛాతీలో బరువు ఉంటే వాళ్లనూ వెళ్లమనండి.