హెచ్-4 పిల్లలతో డొమినికన్ ట్రిప్: ముందు స్టాంపింగ్ చూడండి

వందనాలు బ్రదర్. డల్లాస్ నుంచి మీ యూత్‌ని డొమినికన్ రిపబ్లిక్‌లోని అనాథాశ్రమానికి తీసుకెళ్తున్నామనీ, హెచ్-4 (హెచ్-1బి లాంటి వీసాలున్న ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న ఇద్దరు పిల్లల స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులోని వీసా గడువు అయిపోయినా, అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే ఐ-94 ఉంది కదా, చాలదా అనీ అడిగారు. చాలదు. ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడికి వీసా లేకుండా వెళ్లాలంటే గడువున్న అమెరికా వీసానో గ్రీన్‌కార్డో లాంటిది చూపించాలి. తిరిగి రావడం ఇంకా కష్టం. 30 రోజుల్లోపు వెళ్లొస్తే పాత స్టాంపింగ్‌తోనే రానిచ్చే వెసులుబాటు హెచ్-4కి కెనడా, మెక్సికోలకే. కరీబియన్ దీవులకి అది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌చేంజ్) వీసాల వాళ్లకి మాత్రమే. ఎయిర్‌లైన్ వాళ్లు అక్కడే ఆపేస్తారు. పిల్లలు ఎంత ఆశపడ్డా ఆ ఇద్దరికీ టికెట్లు తీయకండి.

మిగతా మైనర్లకి తల్లిదండ్రులిద్దరి సంతకాలతో నోటరీ చేసిన అనుమతి పత్రం తీసుకోండి. ఆ దేశంలోకి వెళ్లడానికి, బయటికి రావడానికి ఆన్‌లైన్‌లో నింపే డొమినికన్ ఈ-టికెట్ ఫారం ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి.

పనుల విషయానికొస్తే, పసిపిల్లల్ని ఎత్తుకుని ఆడించడం ప్రోగ్రాంలోంచి తీసేయండి. బృందం తర్వాత బృందం వచ్చి, దగ్గరై, వెళ్లిపోతుంటే తల్లడిల్లేది ఆ పిల్లలే. కిటికీలకి దోమల జాలీలు బిగించండి. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, దోమతెర ఒక్కటే సరిపోదు. కిటికీల కొలతలు ముందే తెప్పించుకుని, జాలీ అక్కడి షాపులోనే కొనండి.