గొర్రెల కార్జంలో నీటి తిత్తులు: మందు వేయాల్సింది కుక్కకు

ప్రశ్న: సార్, పండక్కి కోసిన రెండు గొర్రెల కార్జంలో నిమ్మకాయంత తెల్లటి నీటి తిత్తులు కనిపించాయి. నట్టల మందు తప్పకుండా తాగిస్తున్నా ఇవి ఎందుకొచ్చాయి? మందకు ఏ మందు పట్టించాలి?
– ఒక గొర్రెల కాపరి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ పెంపకంలో లోపం వెతుక్కోకండి. నట్టల మందు పేగుల్లోని పురుగుల మీద పనిచేస్తుంది, కార్జంలో గూడు కట్టిన తిత్తిని కరిగించలేదు. మీరు చెప్పినవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. వీటికి మూలం మంద వెంట తిరిగే కుక్క. దాని పేగుల్లో 3 నుంచి 7 మిల్లీమీటర్ల బద్దెపురుగు ఉంటుంది. గుడ్లు మలంతో గడ్డి మీద, కుంటల్లో పడతాయి. వాటిని మేసిన గొర్రెలో పిల్లపురుగు రక్తంతో పాటు కార్జానికో, ఊపిరితిత్తులకో చేరి తిత్తి కడుతుంది. ఆ కార్జాన్ని పచ్చిగా కుక్కకు వేస్తే కథ మళ్లీ మొదలు.

బతికున్న గొర్రెలో దీన్ని పట్టుకోవడం కష్టం. చాలావాటికి లక్షణాలే ఉండవు. పేడ పరీక్షలో తేలదు, ఎందుకంటే గుడ్లు పెట్టే పురుగు గొర్రెలో ఉండదు. దవడ కింద నీరు దిగి, కళ్లు పాలిపోతే మాత్రం జలగ వ్యాధిని (కార్జంలో చేరే ఆకులాంటి చదునైన పురుగుల జబ్బు) అనుమానించి పేడ పరీక్ష చేయించండి.

తిత్తి కార్జం కండలో కూరుకుని, గోడ మందంగా ఉంటే హైడాటిడ్. కొవ్వు పొరకు వేలాడుతూ, పల్చటి సంచిలో ఒకే తెల్లటి చుక్క కనిపిస్తే అది మరో రకం బద్దెపురుగు పిల్ల, మనుషులకు రాదు. మీరు కోసి చూడొద్దు, పశువైద్యుడికి చూపించండి.

కుక్కకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ప్రాజిక్వాంటెల్ అనే బద్దెపురుగు మందు వేయించండి. 20 కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాములు. ఆరు వారాలకోసారి మళ్లీ వేయాలి. ఈ మందుకు గుడ్లు చావవు. అందుకే రెండు రోజులు కట్టేసి, మలాన్ని కాల్చేయండి లేదా లోతుగా పూడ్చండి. తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులను కూడా కుక్కలు తవ్వలేనంత లోతులో పూడ్చాలి.

కార్జం కూర తింటే మనకు ఈ జబ్బు రాదు. కుక్కను నిమిరి, చేతులు కడుక్కోకుండా అన్నం తింటే ఆ పురుగు గుడ్లు కడుపులోకి పోయి రావచ్చు, పిల్లల విషయంలో నాకు ఎక్కువ భయం అదే. మనిషిలో తిత్తి ఏళ్ల తరబడి నొప్పి లేకుండా పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా కుడి పక్కటెముకల కింద బరువుగా, నొప్పిగా ఉంటే అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించి, గొర్రెలు, కుక్క ఉన్న సంగతి డాక్టరుకు చెప్పండి. ఎవరో చెప్పారని సూదితో నీరు తీయించొద్దు. ఆ నీరు లోపల ఒలికితే ప్రాణం మీదికి వస్తుంది.