ఒక్కసారి పోర్కు ఫ్రై తిన్నందుకే మెదడులో పురుగు వచ్చిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయికి 19 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాడు. నెల కిందట తెల్లవారుజామున కుడి చెయ్యి కొట్టుకోవడం మొదలై, కాసేపటికి ఒళ్లంతా ఫిట్స్ వచ్చి స్పృహ తప్పాడట. స్కాన్ తీసి, మెదడులో ఎడమవైపు చిన్న గడ్డ ఉంది, పంది మాంసం వల్ల వచ్చే పురుగు అన్నారు. మా ఇంట్లోకి పంది మాంసం ఏనాడూ రాలేదు. గట్టిగా అడిగితే, నాలుగు నెలల కిందట స్నేహితులతో ఒక్కసారి పోర్కు ఫ్రై తిన్నానని ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం లేదు. భయంతో ఇంట్లో చికెన్, మటన్ కూడా మానేశాం. ఆ పురుగు పెరుగుతుందా? ఆపరేషన్ చేయాలా? మా చిన్నమ్మాయికి అంటుకుంటుందా? వాడేమో ఆదివారం కోడికూర అడుగుతున్నాడు, పెట్టొచ్చా? రిపోర్టు ఫొటో పంపుతున్నాను.
- ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఈ మాట వాళ్ల నాన్నగారికి వినిపించండి. నాలుగు నెలల కిందటి ఆ పోర్కు ఫ్రైకీ, స్కాన్‌లో కనిపిస్తున్న ఆ మచ్చకీ సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. పిల్లాడితో మాట్లాడమనండి.

'పంది మాంసం వల్ల వచ్చే పురుగు' అన్నదాంట్లో సగమే నిజం. మిగతా సగం వివరంగా చెప్పడానికి ఓపీలో మాకు తీరిక దొరకదు. దాంతో ఇంటికెళ్లాక ఇలాంటి గొడవలు వస్తుంటాయి.

ఈ పురుగు పేరు బద్దెపురుగు. రెండు, మూడు మీటర్లు, ఒక్కోసారి అంతకన్నా పొడవుగా రిబ్బనులా పెరుగుతుంది. ఇది పెద్దదై కాపురం ఉండేది మనిషి పేగులో మాత్రమే. దాని తోక వైపు ముక్కలు తెగి మలంలో పడుతుంటాయి. ఒక్కో ముక్కలో వేలకొద్దీ గుడ్లు ఉంటాయి. ఆరుబయట మలవిసర్జన చేసిన చోట పంది తిరిగి ఆ గుడ్లను మింగితే, పిల్ల పురుగులు దాని పేగు గోడను తొలుచుకుని రక్తంలోకి చేరి, కండలోకి వెళ్లి తిత్తులు కట్టుకుంటాయి. అలాంటి మాంసాన్ని కోస్తే ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటి తిత్తులు కనిపిస్తాయి. ఒక్కోదాని లోపల తెల్లటి చుక్క ఉంటుంది. ఆ చుక్కే పురుగు తల. ఆ మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే ఆ తల మన పేగుకు కొక్కేలతో పట్టుకుని, దాదాపు రెండు నెలల్లో పెద్ద పురుగు అవుతుంది. గమనించారా? మాంసం తిన్నవాడికి పురుగు వచ్చేది పేగులో, మెదడులో కాదు.

మెదడులోకి తిత్తి రావాలంటే గుడ్డు మింగాలి. అంటే పేగులో బద్దెపురుగు ఉన్న మనిషి మలంలోంచి వచ్చిన గుడ్డు. ఆ మనిషి చేతులు సరిగా కడుక్కోకుండా వంట చేసినా, వడ్డించినా, మురుగునీటితో పండిన కూరాకు పచ్చిగా తిన్నా గుడ్డు మన నోట్లోకి వెళ్తుంది. కొందరికి తమ పేగులోని పురుగు గుడ్లే తమ చేతి మీదుగా నోట్లోకి చేరతాయి. మింగిన మనిషి ఇక ఆ పురుగు లెక్కలో పందితో సమానం. పిల్ల పురుగు కండలోకీ, కంట్లోకీ, మెదడులోకీ వెళ్లి అదే సగ్గుబియ్యం తిత్తి కట్టుకుంటుంది. పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ముట్టని శాకాహారులకు ఇదే జబ్బు చెప్పాల్సి వచ్చినప్పుడు, వాళ్ల మొహం చూడాలంటే నాకు ఇప్పటికీ ఇబ్బందే.

అమెరికాలోనూ ఇలాగే జరిగింది. న్యూయార్క్‌లో సంప్రదాయ యూదు కుటుంబాల వాళ్లు పంది మాంసం ముట్టరు. వాళ్లలో కొందరికి ఫిట్స్ వచ్చి, మెదడులో ఈ తిత్తులు బయటపడ్డాయి. ఆరా తీస్తే లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్లలో పనిచేసినవాళ్ల వైపు అనుమానం మళ్లింది. బద్దెపురుగు వాళ్ల పేగుల్లో ఉంటే, గుడ్లు వంటగది దాకా వచ్చాయన్నమాట. ఈ సంగతి 1992లో ఒక పెద్ద వైద్య పత్రికలో వచ్చింది.

ఇప్పుడు మీ అబ్బాయి లెక్క చూద్దాం. ఆ ఫ్రైలో తిత్తి ఉండి, ఉడకక బతికి, పేగులో పెరిగి గుడ్లు పెట్టడానికే రెండు నెలలు. ఆ గుడ్డు మళ్లీ నోట్లోకి వెళ్లి మెదడులో తిత్తి కట్టడానికి ఇంకో రెండు మూడు నెలలు. ఫిట్స్ రావడానికి సాధారణంగా ఇంకా చాలాకాలం, తరచుగా ఏళ్లే పడుతుంది. ఎందుకంటే బతికున్న తిత్తి మన రోగనిరోధక శక్తి కంటపడకుండా గుట్టుగా ఉంటుంది. అది చావడం మొదలైనప్పుడే ఒళ్లు దాన్ని గుర్తుపట్టి దాడి చేస్తుంది. చుట్టూ వాపు వస్తుంది, ఆ వాపు మెదడును రెచ్చగొట్టి ఫిట్స్ తెస్తుంది. కాబట్టి 'పురుగు పెరుగుతుందా' అన్న మీ భయానికి నా సమాధానం: మీరు పంపిన రిపోర్టును బట్టి చూస్తే అది పెరిగే దశలో లేదు, చచ్చే దశలో ఉంది. 12 మిల్లీమీటర్ల ఒకే ఒక్క మచ్చ, చుట్టూ రింగు, లోపల చుక్క. మన దేశంలో కుర్రాళ్లకు కొత్తగా ఫిట్స్ వస్తే స్కాన్‌లో తరచూ కనిపించే బొమ్మే ఇది. దీనికి ఆపరేషన్ అక్కర్లేదు.

మెదడులో టీబీ గడ్డ కూడా స్కాన్‌లో ఇలాగే కనిపించవచ్చు. ఒకప్పుడు మన దేశంలో ఇలాంటి చిన్న మచ్చలన్నిటినీ టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులు మింగించేవాళ్లు. 1980ల చివర్లో వేలూరు సీఎంసీ డాక్టర్లు ఆ మచ్చల్లోంచి ముక్క తీసి పరీక్ష చేసి, వాటిలో చాలావరకు ఈ పురుగు తిత్తులేనని చూపించారు. మచ్చ 20 మిల్లీమీటర్లు దాటితే, అంచులు గరుకుగా ఉంటే, వాపు మెదడును పక్కకు నెడుతుంటే టీబీ అనుమానం పెరుగుతుంది. మీ అబ్బాయి రిపోర్టులో అవేవీ లేవు. అయినా మీ డాక్టర్ ఎప్పుడు చెబితే అప్పుడు మళ్లీ స్కాన్ తీయించండి. మచ్చ కరిగిపోయిందా, సున్నం పట్టి గట్టిపడిందా అన్నదాన్ని బట్టే ఫిట్స్ మాత్రలు ఎన్నాళ్లు వాడాలో తేలుతుంది. పూర్తిగా కరిగిపోతే కొందరికి ఆరు నెలలకే మెల్లగా తగ్గించగలం. సున్నం పడితే ఇంకా ఎక్కువకాలం వాడాలి. బాగానే ఉన్నాను కదా అని వాడంతట వాడు మాత్ర ఆపేస్తే మాత్రం మళ్లీ ఫిట్స్ రావచ్చు. పరీక్షలని రాత్రంతా మేలుకోవడం, బైకు నడపడం, బావిలో ఈత కొట్టడం ప్రస్తుతానికి వద్దు.

ఇంకో జాగ్రత్త. బడిలో పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర అల్బెండజోలే దీనికీ వాడతారు కదా అని మెడికల్ షాపులో కొని మింగించకండి. మెదడులో తిత్తి ఒక్కసారిగా చస్తే వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువవుతాయి. అందుకే ముందు కంట్లో తిత్తి లేదని చూసి, వాపు తగ్గించే స్టెరాయిడ్‌తో కలిపి, డాక్టర్ కనుసన్నల్లోనే ఇస్తారు. తలనొప్పి ఆగకుండా వాంతులైనా, చూపు మసకబారినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తాళాలగుత్తి చేతిలో పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, ముక్కు దగ్గర ఉల్లిపాయ అవసరం లేదు. ఐదు నిమిషాల్లో ఆగకపోతే అంబులెన్స్ పిలవాలి.

మెదడులోని తిత్తి గుడ్లు పెట్టదు. కాబట్టి దానివల్ల చెల్లికి ఏమీ అంటుకోదు, ఒకే కంచంలో తిన్నా సరే. కానీ పేగులో పెద్ద పురుగు ఎవరికైనా ఉందేమో చూడాలి. అబ్బాయికీ, ఇంట్లో అందరికీ మల పరీక్ష చేయించండి, అదీ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు, ఒక్కసారికి తరచూ దొరకదు. మలంలో తెల్లటి చదునైన ముక్కలు ఎప్పుడైనా కనిపించాయా అని సిగ్గుపడకుండా అడగండి. దొరికితే ఒక్క డోసు మందుతో పోతుంది. హాస్టల్ మెస్‌లో వంటవాళ్లకూ ఈ పరీక్ష చేయిస్తే మంచిదే, కానీ తప్పు మోపుతున్నట్టు కాకుండా చెప్పాలి. తన పేగులో పురుగు ఉందని చాలామందికి తెలియనే తెలియదు.

ఇక మాంసం సంగతి. కోడికీ, మేకకీ, గొర్రెకీ ఈ జబ్బుతో సంబంధం లేదు. గొడ్డు మాంసంలో ఇంకోరకం బద్దెపురుగు ఉంటుంది. అది పేగులోనే ఉంటుంది, మెదడుకు తిత్తులు తేదు. పంది మాంసం తినేవాళ్లు మానక్కర్లేదు. కోసిన ముక్కలో సగ్గుబియ్యం గింజలు కనిపిస్తే కొనకండి. మన పద్ధతిలో కుక్కర్లో నాలుగు విజిల్స్ వచ్చేదాకా ఉడికిస్తే తిత్తి బతకదు. భయమల్లా పైన మాడి, లోపల గులాబీ రంగులో ఉండే బార్బెక్యూ ముక్కలతోనే. మటన్ విషయంలో గర్భిణులు మాత్రం సగం ఉడికింది తినకూడదు, కారణం వేరే పరాన్నజీవి. కోసిన గొర్రె కాలేయంలో నీటి తిత్తులు కనిపిస్తే కుక్కలకు వేయకండి, పాతిపెట్టండి. ఆ కథ మరోసారి చెబుతాను.

మీరు మార్చుకోవాల్సింది కూరగాయల దగ్గర. హైదరాబాద్ చుట్టూ మూసీ నీటితో ఆకుకూరలు పండిస్తారన్నది అందరికీ తెలిసిందే. ఉప్పునీళ్లనూ, వెనిగర్‌నూ నమ్ముకోకండి, ఈ గుడ్లు వాటికి లొంగవు. ఆకు ఆకూ విడదీసి పారే నీళ్ల కింద రుద్ది కడగండి. క్యాబేజీ, క్యారెట్, కొత్తిమీర పచ్చిగా తినేటప్పుడు ఇంకా జాగ్రత్త. రోడ్డు పక్క పానీపూరీ గురించి అబ్బాయికి నేను చెప్పినా వినడనుకోండి.

ఆదివారం కోడికూర నిక్షేపంగా వండండి. దింపాక పైన చల్లే కొత్తిమీరను మాత్రం బాగా కడగండి.