టెక్ సందేహాలు: ఇంజన్ క్యాబ్‌లో కనిపించే ప్రతి సాకెట్టూ ఛార్జింగ్ పాయింటు కాదు

ప్రశ్న: కాజీపేటలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేస్తున్నాను. కొన్ని రైలింజన్ల క్యాబ్‌లో (మేం కూర్చుని నడిపే గదిలో) సాకెట్ ఉంటుంది. ఒక ఎలక్ట్రిక్ ఇంజన్లో నా ఫోన్ ఛార్జర్ బాగానే పనిచేసింది. అదే ఛార్జర్ డీజిల్ ఇంజన్లో పెడితే వేడెక్కి కాలిన వాసన వచ్చింది. మా లోకో పైలట్ గారి టార్చ్‌లైటు ఎక్కడ పెట్టినా ఛార్జ్ కాదు. ఇంజన్లో వాడటానికి మంచి ఛార్జర్ చెప్పండి.

జవాబు: రన్నింగ్ స్టాఫ్ (రైళ్లు నడిపే సిబ్బంది) నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది, ఎండాకాలంలో మరీను. ఏ ఛార్జర్ కొనాలని అందరూ అడుగుతారు. ఆ సాకెట్లో ఏ కరెంటు ఉందని మాత్రం ఒక్కరూ అడగరు.

పైన తీగలో 25,000 వోల్టుల ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) ఉండొచ్చు. ఎలక్ట్రిక్ ఇంజన్ లోపల కంట్రోల్ సర్క్యూట్లు నడిచేది మాత్రం 110 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) మీద, బ్యాటరీ దన్నుతో. డీజిల్ ఇంజన్లో అది 72 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. హ్యాండ్ ల్యాంపు తగిలించుకోవడానికని పెట్టిన సాకెట్టులోనూ ఈ డీసీయే. మీ ఛార్జర్ మీద రాసి ఉన్నది 100 నుంచి 240 వోల్టుల ఏసీ. అయినా 110 డీసీలో పనిచేసిందంటే, ఛార్జర్ మొదట చేసే పని ఏసీని డీసీగా మార్చడమే కాబట్టి. వచ్చేదే డీసీ అయితే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే లోపలి నాలుగు డయోడ్లలో రెండే భారమంతా మోస్తాయి. అదే ఛార్జర్‌కి 72 వోల్టులే అందితే, అన్నే వాట్లు ఇవ్వడానికి ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. మీకొచ్చిన వాసన అదే అయ్యుంటుంది. చవక టార్చ్‌లైట్లలో కరెంటును ఒక కెపాసిటర్ గుండా పంపి తగ్గిస్తారు, కెపాసిటర్ డీసీని పోనివ్వదు. అందుకే ఛార్జ్ కావడం లేదు. సంతోషించండి. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ అయితే వైండింగే మాడిపోయేది.

ప్లగ్ లాగేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఇంట్లో ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా వెంటనే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ సాగుతుంది. మీ ప్లగ్ పిన్ను కొస ఒకసారి చూసుకోండి. ఇత్తడి మీద చిన్న నల్లటి గుంట ఉంటే అది ఈ రవ్వ చేసిన పనే. ఇంటి ఏసీ కోసం తయారైన స్విచ్చీ, ఫ్యూజూ ఈ డీసీని తెంపుతాయని నమ్మకండి.

సాకెట్ లేని ఇంజన్లో డెస్కు కింది టెర్మినళ్ల నుంచి రెండు తీగలు లాగి, వాటికి ఇన్వర్టర్ తగిలించి ఫొటో పంపినవారూ ఉన్నారు. దయచేసి మానండి. ఫోన్ లాగే పదీ ఇరవై వాట్లు ఇంజన్‌కి లెక్కే కాదు, కానీ షార్టయితే లెక్కే. దించిన పాంటో (పై తీగ నుంచి కరెంటు అందుకునే చట్రం) మళ్లీ ఎత్తాలంటే గాలి కావాలి, ఆ గాలి నింపే చిన్న కంప్రెసర్ నడిచేది కూడా ఈ బ్యాటరీ మీదే. పైగా చవక ఇన్వర్టర్ చేసే రొదకి వాకీటాకీలో స్టేషన్ మాస్టర్ మాట బదులు బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పుట్టించేది ఇంకొకటి. సాకెట్ దొరక్కపోతే, యూఎస్‌బీ పోర్టు కనిపించిన డిస్‌ప్లేకల్లా కేబుల్ గుచ్చే అలవాటు. స్టేషన్‌లోనో ఎయిర్‌పోర్టులోనో పోర్టు నుంచి ఫోన్‌లోకి ఏదో దూరుతుందని అందరూ భయపడతారు. నా దృష్టిలో ఆ భయం కాస్త అతి. నేటి ఫోన్లు డేటా ఇవ్వాలా అని అడిగి గానీ ఇవ్వవు. క్యాబ్‌లో సంగతి తిరగబడుతుంది. అక్కడ ముప్పు ఫోన్ నుంచి పోర్టుకి. క్రికెట్ ఉచితంగా చూపిస్తుందని ఎక్కడెక్కడి యాప్‌లనో దించుకున్న ఫోన్ అది. కేబుల్ తగిలించగానే తాను కీబోర్డునని, పెన్‌డ్రైవ్‌నని చెప్పుకోగల కంప్యూటర్ అది. అవతల ఉన్న తెరేమో మెయింటెనెన్స్ వాళ్లు డేటా తీసుకోవడానికి పోర్టు పెట్టించుకున్నది. 2022 మార్చి 4న మన గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య కవచ్‌ను (రైళ్లు ఢీకొనకుండా తానే బ్రేకు వేసే వ్యవస్థను) అందరి ముందూ పరీక్షించి చూపించారు. ఇంజన్లో కంప్యూటరే బ్రేకు వేసే రోజులివి. మీరు గుచ్చిన పోర్టుకీ కవచ్‌కీ సంబంధం ఉందని నేను అనడం లేదు. ఏ తెర వెనక ఏ తీగ ఎటు పోతుందో డ్యూటీలో ఉన్న మీకు తెలిసే వీలు లేదంటున్నాను. డేటా తీగలు లేని కేబుల్ వాడతానంటారా? మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది అర ఆంపియరే. ఆకలి మీదున్న ఫోన్ అంతకుమించి లాగబోతే, తెర రీస్టార్ట్ అయినా ఆశ్చర్యం లేదు.

ఎలాగూ బండి నడిపేటప్పుడు సొంత ఫోన్ స్విచ్ఛాఫ్ చేయాలన్నది రూలు. 2008 సెప్టెంబరులో అమెరికాలోని చాట్స్‌వర్త్ దగ్గర మెసేజ్‌లు పంపుతూ డ్రైవర్ రెడ్ సిగ్నల్ దాటేశాడు, 25 మంది పోయారు. ఆ తర్వాతే అక్కడ క్యాబ్‌లో సొంత ఫోన్ల వాడకాన్ని దేశమంతటా నిషేధించారు. ఆఫ్ చేసిన ఫోన్‌కి దారిలో ఛార్జింగ్ ఎందుకు? డ్యూటీల మధ్య విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో నింపుకోండి.

అయితే తప్పంతా మీ మీద తోసేయను. వాకీటాకీ, డ్యూటీ కోసం రైల్వే ఇచ్చే సీయూజీ ఫోన్, పొగమంచులో సిగ్నల్ దగ్గరపడుతోందని చెప్పే పరికరం అన్నీ చేతికిచ్చి, వాటికి క్యాబ్‌లో పద్ధతైన ఛార్జింగ్ పాయింటు లేకపోతే మనిషి ఏం చేస్తాడు? కంట్రోల్ సర్క్యూట్‌తో పొత్తు లేకుండా, డేటా తీగలు లేకుండా, సొంత ఫ్యూజుతో ఒక 5 వోల్టుల పాయింటు పెట్టడం బ్రహ్మవిద్య కాదు. టీవీల నుంచి మిక్సీల దాకా ఇదే తంతు. పరికరం గీసేవాడు దాన్ని పన్నెండు గంటలు వాడే మనిషిని తలుచుకోడు.

ప్రశ్న: ఏసీ బోగీలో రాత్రిపూట ఫోన్ ఛార్జ్ కావడం లేదు. సాకెట్ పాడైందా?

జవాబు: పాడవలేదు, ఆపేసి ఉంటారు. 2013 డిసెంబరులో కొత్తచెరువు దగ్గర బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడి 26 మంది చనిపోయారు. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా సాకెట్లు ఆపమన్న సిఫారసు ఆ తర్వాత వచ్చింది. 2021లో దాన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టారు. పదకొండులోపే పెట్టుకోండి.

ప్రశ్న: మావారు గూడ్స్ లోకో పైలట్. పవర్‌బ్యాంక్ కొనిద్దామనుకుంటున్నాను. 20,000 ఎంఏహెచ్ తీసుకోనా?

జవాబు: ఆ అంకె లోపలి సెల్‌ది, 3.7 వోల్టుల దగ్గర లెక్క. 5 వోల్టుల ఫోన్‌కి చేరేది పన్నెండు, పదమూడు వేలు. ఆయనకి 10,000 చాలమ్మా. డబ్బా మీద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాకే డబ్బు కట్టండి. 45 డిగ్రీలు దాటిన చోట లిథియం సెల్‌ని ఛార్జ్ చేయకూడదు. మే నెలలో రామగుండం వైపు వెళ్లే ఏసీ లేని క్యాబ్‌లో అద్దం కింద ఎంతుంటుందో ఆయన్నే అడగండి. పవర్‌బ్యాంక్‌ని డెస్కు మీద కాకుండా సంచిలో, నీడలో ఉంచమని చెప్పండి. ఉబ్బినట్టు కనిపిస్తే ఆ ట్రిప్పుతోనే దానికి రిటైర్మెంటు.